ఇంజను ఒకటి, నీళ్లతో సహా

పటాన్‌చెరు చుట్టుపక్కల ఇప్పుడు ఏ ఫ్యాక్టరీ గేటు దాటినా లోపల ఒక స్టోరు, అందులో తాళాల గుత్తితో ఒక మనిషి ఉంటాడు. మా వాడకట్టులోనే అట్లాంటి ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లు ముగ్గురున్నారు. పాతవాణ్ణి కదా అని నా దగ్గరికొచ్చి రిజిస్టరు ఎట్లా రాయాలి, తనిఖీకి వచ్చినవాళ్లకు ఏం చెప్పాలి అని అడుగుతుంటారు. వాటికి పుస్తకాలున్నాయి. సామాను ఎట్లా పాడవుతుందో చెప్పే పుస్తకం మాత్రం నాకెక్కడా దొరకలేదు. దొంగల వల్ల పోయే సామాను తక్కువే. కాపాడేవాళ్ల చేతుల్లో పోయేది చాలా ఎక్కువ. ముప్పై ఏళ్లు కాపాడినవాణ్ణి కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

యాభైల మొదట్లో, జాగీర్లు రద్దయిన కొత్తలో, సంగారెడ్డి కచేరీలో సర్కారు సామాన్ల గదికి నన్ను స్టోర్ కీపర్‌గా వేశారు. కాళ్లు విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన కత్తులు, ఎవరివో తెలియని తంబూరాలు ఆ గదిలో ఉండేవి. వాటితో నాకు బాధ లేదు. చచ్చిన సామానును ఎవరైనా కాపాడగలరు. నాకు పని నేర్పింది ప్రాణమున్న సామాను ఒకటి. దాని కథే చెబుతాను.

వేడి ఇంజను మీద లక్క

జిన్నారం పక్కన ఒక జాగీర్దారు దేవిడీ, అంటే కోటలాంటి మేడ, ఉండేది. జాగీరు పోయాక అందులోని కొంత సామాను సర్కారు స్వాధీనంలోకి వచ్చింది. పంచనామా రాయడానికి మా పేష్కార్ సాబ్ బయలుదేరాడు, మోయడానికి నేను. పేష్కార్ అంటే కచేరీలో కాగితమంతా ఎవరి చేతి మీదుగా కదులుతుందో ఆయన. మా పేష్కార్ నిజాయితీపరుడు, ఆ మాట ముందే చెప్పాలి. సర్కారు మేకు ఒక్కటి కూడా ఇంటికి తీసుకుపోలేదు. ఆ మేకుకు ఒక్క చుక్క నూనె కూడా రాయనివ్వలేదు.

దేవిడీ వెనక వసారాలో పాత దుప్పటి కింద ఒక రైలింజను కనబడింది. రెండు మూరల పొడవు, ఇద్దరు పడితే గానీ లేవనంత బరువు. పెద్ద ఇంజనుకు ఏమేం ఉంటాయో దీనికీ అన్నీ ఉన్నాయి. రాగి బాయిలరు, ఇనుప సిలిండర్లు, స్ప్రింగుల మీద కూర్చున్న ఇరుసులు, బొగ్గు వేయడానికి చెంచా అంత పార. జాగీర్దారు ఏదో విలాయతీ బొమ్మల పుస్తకంలో చూసి ముచ్చటపడితే, దేవిడీ మిస్త్రీ మహబూబ్ ఏళ్ల తరబడి కూర్చుని దాన్ని చేశాడు. విందుల్లో అది ఆకువక్కల పళ్లెం మోసుకుని పెరట్లో వేసిన పట్టాల మీద అతిథుల ముందు తిరిగేదట. అంత చదువు నేర్చిన ఇంజనుకు ఇచ్చిన నౌకరీ అది.

పేష్కార్ సాబ్ కలం తీసి, "ఇత్తడి బొమ్మ రైలు, ఒకటి" అని రాయబోయాడు.

మూల నిలబడ్డ మహబూబ్ మిస్త్రీ ముందుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నటివాడు, గోళ్ల సందుల్లో నల్లటి నూనె. "బొమ్మ కాదు హుజూర్. అస్సల్ ఇంజన్. నడుస్తది."

"నడుస్తదని నేను చూడకుంట ఎట్ల రాయాలె?"

"జెర ఆగున్రి. సూపిస్త."

ఆయన బావి నుంచి నీళ్లు తెచ్చి పోశాడు, బొగ్గు రాజేశాడు. అరగంటలో ఆవిరి పట్టింది. ఇంజను బుసకొట్టి పట్టాల మీద మూడు చుట్లు తిరిగింది. నేను నోరు తెరుచుకుని చూశాను. పేష్కార్ సాబ్ ఒక చుట్టు దాని వెంట నడిచాడు కూడా. తర్వాత గంభీరంగా కూర్చుని రాశాడు. "ఇంజను ఒకటి, చిన్నది, నడుచును, నీళ్లతో సహా."

రాసిన వెంటనే సీలు వేయమన్నాడు. పొగగొట్టం నుంచి చక్రాల దాకా దారం చుట్టి, ముడి ముడికీ లక్క పెట్టాలి. ఇంజను ఇంకా వేడిగా ఉండటంతో లక్క కరిగి జారిపోతోంది. నేను విసనకర్రతో విసురుతుంటే పేష్కార్ సాబ్ మళ్లీ మళ్లీ ముద్ర కొట్టాడు. మిస్త్రీ చేతులు జోడించాడు.

"హుజూర్, వేడి దిగకముందే నీళ్లు ఇడ్వాలె. బూడిద తీయాలె. సిలిండర్ల నూనె పొయ్యాలె. గట్లనే ఇడ్సిపెడితే లోపల ఇనుము తింటది."

"నీళ్లు పంచనామాల రాసిన. ఇగ అవి సర్కారు నీళ్లు. తీస్తే లెక్కల కమ్మీ పడ్తయి."

మిస్త్రీ నా వైపు చూశాడు. నేను విసనకర్ర వైపు చూశాను. ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు నెలలు.

గొంతుకు తాడు

ఇది పూర్తిగా నా తప్పు, పేష్కార్ మీదికి నెట్టను. ఎడ్లబండి మీద కొత్త వరిగడ్డి పరిచి, ఇంజనును దాని చక్రాల మీదే నిలబెట్టి, కదలకుండా పొగగొట్టానికీ పైకప్పుకూ తాడు బిగించాను. ఎద్దును కట్టేసినట్టు గొంతుకు కట్టాను. జిన్నారం నుంచి సంగారెడ్డి దాకా ఆ రోజుల్లో బాటంటే గుంతల వరుస. గుంత గుంతకీ ఇంజను స్ప్రింగుల మీద ఎగిరింది, తాడు దాని మెడ పట్టి కిందికి గుంజింది. కచేరీలో దించేసరికి పొగగొట్టం ఒక పక్కకు వాలి ఉంది, పక్కనుండే కడ్డీ ఊడి గడ్డిలో పడి ఉంది. ఆ కడ్డీ పట్టుకునే దాన్ని బండెక్కించామని తర్వాత గుర్తొచ్చింది.

అందుకే చెబుతున్నా. అట్లాంటి యంత్రాన్ని ఎత్తాలంటే కింద చేతులేసి, చట్రం పట్టి ఎత్తాలి. అందంగా కనబడేదీ చేతికి అందేదీ పట్టుకోవద్దు. ప్రయాణంలో బరువు చక్రాల మీద పడొద్దు. చట్రం కింద చెక్క దిమ్మలు పెట్టి, చక్రాలు గాల్లో వేలాడేట్టు చూడాలి. పచ్చి గడ్డి తేమ పట్టి ఉంటుంది, అది ఇనుముకు శత్రువు. ఇంకొకటి, ఇత్తడి కనబడగానే చింతపండుతో తోమాలని మన చేతులు దురద పెడతాయి. మా జవాను ఒకసారి చింతపండు పిసికి బకెట్లో తెచ్చాడు కూడా. ఆ పులుపు సందుల్లోకి దిగితే మెరుపు బయట ఉంటుంది, తుప్పు లోపల ఉంటుంది. కచేరీలో అప్పటికే ఆ పద్ధతి నడుస్తోంది కాబట్టి ఇంజనుకు కూడా అవసరం లేదని ఆపాను.

శుక్రవారాల మాట

దేవిడీ మూతపడ్డాక మిస్త్రీ సంగారెడ్డి బజారులో ఒక అరుగు మీద కూర్చుని తాళాలూ స్టవ్వులూ బాగుచేసేవాడు. ప్రతి శుక్రవారం నమాజు కాగానే కచేరీకి వచ్చేవాడు. గడప దాటేవాడు కాదు.

"నర్సిములూ, నీళ్లు తీసినవా?"

"సీలు ఉన్నది మిస్త్రీ సాబ్."

"మంచిది" అనేవాడు. కాసేపు దుప్పటి కప్పిన ఆ ఆకారాన్ని చూసి వెళ్లిపోయేవాడు. వానాకాలం మొత్తం ఇట్లాగే గడిచింది. నేను మూడుసార్లు పేష్కార్‌ను అడిగాను. మూడుసార్లూ ఆయన సీళ్లు లెక్కబెట్టి, అన్నీ భద్రంగా ఉన్నాయని సంతోషించాడు. ఆయన దృష్టిలో స్టోరు అంటే సీళ్లు దాచే చోటు. సీళ్లు ఊరికే గాల్లో నిలబడవు కాబట్టి వాటి కింద ఏదో ఒక సామాను ఉంటుంది.

అప్పుడే పట్నం నుంచి కాగితం వచ్చింది. సంగారెడ్డిలో చేతిపనులు నేర్పే సర్కారు బడి పెడుతున్నారు, ఉస్తాదు కావాలి. మిస్త్రీ అర్జీ పెట్టుకున్నాడు. సర్టిఫికెట్ అడిగారు. ఆయన దగ్గర కాగితం ఏముంటుంది? తాను చేసిన ఇంజను సర్కారు గదిలో ఉందని రాయించాడు. బడి పెట్టే పెద్దసారు తెలివైనవాడో, విసిగిపోయినవాడో తెలియదు గానీ ఒక మంచి జవాబు రాశాడు. ఇంజనును పట్నం తెచ్చి తన ముందు ఆవిరి మీద పది చుట్లు నడిపిస్తే అదే సర్టిఫికెట్. నడవకపోతే ఇత్తడి కింద తూకానికి వేయాలి. గడువు ఎనిమిది రోజులు.

ఆ సాయంత్రం మిస్త్రీ మొదటిసారి గడప దాటి లోపలికొచ్చాడు. "నర్సిములూ, పిస్టన్లు పట్టేసి ఉంటయి. ఆడికి పోయి సీలు తీస్తే, అందరి ముంగట అది కదలదు. నేను ఝూటా మనిషినైత. నా ఉమర్ల ఇంకొక ఇంజను చేసుడు నాతోని కాదు."

నేను పేష్కార్ దగ్గరికి పరుగెత్తాను.

"సీలు పట్నంల, పెద్దసారు ముంగట తీస్తం. గదే ఇజ్జత్" అన్నాడాయన.

"లోపల తుప్పు పట్టింటది సాబ్."

"పట్టనీ. పంచనామాల తుప్పు రాయలేదు. రాయంది ఉండదు."

మర్నాడు పొద్దున, కచేరీ నిండుగా ఉన్న వేళ, గది తలుపులు బార్లా తెరిచి నేనే కత్తెరతో దారం కోశాను. ధైర్యంతో చేశానని చెప్పను. అయినా ఇన్ని శుక్రవారాలు "సీలు ఉన్నది" అని ఆ మనిషికి చెప్పినందుకు సిగ్గుగా ఉంది, ఆ సిగ్గు భయం కంటే బరువైపోయింది.

కింది కొళాయి తిప్పితే చిక్కటి చాయ్ రంగు నీళ్లు వచ్చాయి. బూడిద తడిసి పొగపెట్టెలో రొట్టెలా గట్టిపడింది. చక్రం కదల్లేదు. మిస్త్రీ నన్ను తిట్టినా బాగుండేది. కిరసనాయిలూ ఆముదమూ కలిపి సిలిండర్లలో పోసి, మూడు రోజులు నానబెట్టాడు. నాలుగో రోజు చెక్క సుత్తితో మెల్లగా, నిద్రపోయేవాణ్ణి లేపినట్టు తట్టాడు. చక్రం వెంట్రుకవాసి కదిలింది. ఆయన గోడకు చేరగిలబడి కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, ఎవరూ చూడకుండా కాదు.

ఖాసింబీ చెవి

ఇక మిగిలింది ప్రయాణం. ఒకసారి దాని మెడ విరిచిన చేతులు నావి, ఈసారి పెట్టె ఎట్లా కట్టాలో తోచలేదు. కచేరీ ముందు గాజులమ్మే ఖాసింబీ నా అవస్థ చూసింది. నలభై ఏళ్లుగా గాజుల మలారం నెత్తిన పెట్టుకుని సదాశివపేట దాకా ఊళ్లు తిరిగిన మనిషి.

"ఏంది బిడ్డా, గట్ల బిగ్గర గుంజి కడ్తున్నవ్? తాడు సామానుకు కాదు, పెట్టెకు కట్టాలె."

"మరి లోపల కదలదా అమ్మా?"

"కదలనియ్యకు. సందు ఉంటే గద కదిలేది. సందుల ఊక నింపు."

మిస్త్రీ అడ్డుపడ్డాడు. ఊక నూనెకు అంటుకుని కడ్డీల్లో చేరుతుందని. ఖాసింబీ ఆయన్ని జాలిగా చూసింది. "ఊక ఉత్తగ పోస్తరా? గుడ్డ సంచులల్ల కుట్టి పెడ్తరు. నువ్వు మిస్త్రీవెట్లైనవ్ అన్నా?"

బడి ఉస్తాదు కాబోయే మనిషి నవ్వి సూది అందుకున్నాడు. ఎండబెట్టిన ఊకతో చిన్నా పెద్దా దిండ్లు కుట్టాం. కింద చెక్క దిమ్మలు, పక్కల దిండ్లు, మిస్త్రీ సరిచేసిన పొగగొట్టం విప్పి వేరే గుడ్డలో. మూత వేశాక ఖాసింబీ పెట్టెకు చెవి ఆనించి, మమ్మల్ని కదపమంది.

"సప్పుడైతుంది. తియ్యి."

మూడుసార్లు తీయించింది. నాలుగోసారి కదిపితే ఏమీ వినబడలేదు. "ఇగ పో. సప్పుడు లేంది పలగది" అంది. నా ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన శిక్షణ మొత్తం అదే. ఆమెకు ఏ కచేరీలోనూ నౌకరీ లేదు.

ఆరు వైపులా పైకి

వారమంతా క్యాంపులో ఉన్న పేష్కార్ సాబ్ బయలుదేరే రోజు వచ్చి, మూలన పడి ఉన్న తెగిన దారం చూశాడు. నేనే తెంపానని చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది, అంతే. కాగితం మీద అనేవాళ్లు నోటితో అనరు. పెట్టెకు కొత్తగా సీళ్లు వేయించి, "ఈ వైపు పైకి" అని రాయమన్నాడు. మూత మీద రాశాను.

"ఒక్కదిక్కు రాస్తే, ఆ దిక్కు చూడనోడు ఏం చెయ్యాలె? అన్ని దిక్కుల రాయి."

ఆరు వైపులా రాశాను, ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో. అడుగున కూడా బాణం గుర్తుతో సహా.

పటాన్‌చెరులో లారీ మారాలి. పెట్టె దించాక మిస్త్రీ నమాజుకు వెళ్లాడు, నేను చాయ్ తాగుదామని పక్కకు పోయాను. తిరిగొచ్చేసరికి హమాలీలు పెట్టెను కొత్త లారీలోకి ఎక్కించేశారు, తలకిందులుగా. నేను అరిచాను.

"రాసినట్టే పెట్టినం గద!" అన్నాడు హమాలీ. అతని తప్పేమీ లేదు. ఎట్లా పెట్టినా రాసినట్టే పెట్టినట్టు.

మిస్త్రీ వచ్చి చూసి తెల్లబోయాడు. పెట్టెను తిప్పించి, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించాడు. నేను కదిపాను. ఆయన చాలాసేపు విన్నాడు.

"సప్పుడు లేదు, నర్సిములూ."

నీళ్లు లోపలే ఉండి ఉంటే తలకిందులైనప్పుడు సిలిండర్ల దాకా పారేవి, మా శ్రమంతా మళ్లీ మొదటికొచ్చేది. కట్టేవాడు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. దారిలో అందరూ తమకు చెప్పినట్టే చేస్తారు, చెప్పినవాడు మా పేష్కార్ అయి ఉండొచ్చు. అది కూడా తట్టుకునేట్టు కట్టాలి.

పట్నంలో, బస్సులో ముందే చేరుకున్న పేష్కార్ సాబ్ సీళ్లు తీయించాక, పెద్దసారు ఆఫీసు వెనక మేం వెంట తెచ్చిన పట్టాలు పరిచాం. మిస్త్రీ చెంచాతో బొగ్గు వేస్తుంటే సగం కింద పడింది. ఆవిరి పట్టింది. మీట తిప్పితే ఇంజను కదల్లేదు. పెద్దసారు గడియారం చూసుకున్నాడు. మిస్త్రీ చక్రాన్ని వేలితో కొద్దిగా వెనక్కి తిప్పి మళ్లీ మీట తీశాడు. సిలిండర్లలోంచి రెండు చుక్కలు నీళ్లు చిమ్మాయి, అప్పుడు బుసకొట్టి కదిలింది. పెద్దసారు వేళ్ల మీద పది లెక్కబెట్టాడు. పదకొండో చుట్టుకు ఆపమనడం మర్చిపోయి తనూ వంగి చూస్తూ ఉండిపోయాడు.

చివరికి లేచి మా పేష్కార్ సాబ్‌ను అడిగాడు. "ఇన్ని నెలలు ఇంత మంచిగ ఎట్ల కాపాడిన్రు?"

"సీలు సాబ్" అన్నాడాయన, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. మిస్త్రీ మాత్రం నా భుజం నొక్కి పట్టుకున్నాడు. ఆయనకు ఇంజను నడిచింది, చాలు.

సర్కారు నీళ్లు

నెలలోపే మిస్త్రీకి ఉస్తాదుగా హుకుం వచ్చింది, ఇంజను బడికి ఇచ్చారు. అదే వారం నాకు మెమో వచ్చింది. సీలు తెంపినందుకు కాదు. దాన్ని పేష్కార్ సాబ్ ఏదో పద్దు కిందికి సర్దేశాడు, పట్నంలో పేరొచ్చింది కదా. మెమో ఇది. "పంచనామా ప్రకారం ఇంజనులో ఉండవలసిన నీళ్లు లేవు. మూడు దినములలో జవాబు ఇవ్వవలెను."

రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. నీళ్లు నేల మీద పారబోశానని రాస్తే సర్కారు సొత్తు పారబోసినట్టు. ఆవిరైపోయాయని రాస్తే సీలు ఉండగా ఎట్లా పోయాయని అడుగుతారు. ఉద్యోగం ఊడుతుందనే అనుకున్నాను.

మూడో రోజు శుక్రవారం. నమాజు కాగానే మిస్త్రీ వచ్చాడు, చెప్పుల నిండా దుమ్ము. సంచిలోంచి దవాఖానా సీసా ఒకటి తీసి నా బల్ల మీద పెట్టాడు.

"దేవిడి బాయి నీళ్లు. ఆ దినం గదే బాయిల తోడిన. నీ సర్కారు నీళ్లు నువ్వు తీస్కో, నర్సిములూ."

జిన్నారం దాకా వెళ్లి, మూతపడ్డ దేవిడీ గోడ దూకి, ఆ వయసులో తోడుకొచ్చాడు. ఆయన్ని వెంటబెట్టుకుని, సీసాతో పేష్కార్ గదికి వెళ్లాను.

పేష్కార్ సాబ్ సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు, మూత తీసి వాసన చూశాడు. "అదే బాయివేనా?" అని మిస్త్రీని అడిగాడు. "అస్సల్ అదే" అన్నాడు మిస్త్రీ. పేష్కార్ సాబ్ తృప్తిగా సీసాకు సీలు వేసి, నీళ్లు తిరిగి జమ అయినవని రాసుకున్నాడు. నా ఉద్యోగం నిలబడింది.

మిస్త్రీ పద్నాలుగేళ్లు పిల్లలకు పని నేర్పాడు. ఇంజను వెలిగించడం కంటే ముందు దాన్ని ఖాళీ చేయడం నేర్పేవాడట. వేడి ఉండగానే నీళ్లు వదలాలి, బూడిద ఊడ్చాలి, నూనె పోసి చక్రం నాలుగుసార్లు తిప్పాలి. ఆయన పోయాక కూడా అది ఆ బడిలో నడిచింది. దాని మీద ఒక్క సీలు లేదు.

సీసా మాత్రం నా గదిలోనే ఉండిపోయింది. ఏటా లెక్క చూసేవాళ్లు వచ్చి "నీళ్లు, సీసా ఒకటి, సీలు భద్రం" అని చదివి టిక్కు పెట్టేవాళ్లు. నేను రిటైరయిన రోజు నా చోటుకు వచ్చినాయన ఆ వరుస దగ్గర ఆగి నవ్వాడు.

"సార్, గీ నీళ్లేంది? పారబొయ్యాల్నా?"

"వద్దు. సీలు ఉన్నది" అన్నాను.

అన్నాక గుండె కలుక్కుమంది. అవి పేష్కార్ మాటలు, నా నోట్లో ఎప్పుడు స్థిరపడ్డాయో తెలియదు. కానీ ఆ సీసా పారబోయడానికి నాకు మనసు రాలేదు, అవి మిస్త్రీ నా కోసం తోడిన నీళ్లు. అల్మారాలోంచి దాన్ని తీసి, ఖాసింబీ నేర్పినట్టు చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. ఏ చప్పుడూ లేదు. వెలుతురుకు పెట్టి చూస్తే లోపల ఒక్క చుక్క లేదు, అన్నేళ్లలో ఎప్పుడో ఆరిపోయాయి. సీలు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.